మడమ మీద మూడు చుక్కలు

మా ఆయనకు అనుమానం జబ్బు కాదు, వృత్తి. బూట్లు బాగుచేయడం ఆ తర్వాతే. స్టేడియం వెనక గేటు పక్కన, మెట్ల కింద మా కొట్టు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. పేటంతా ఆయన్ని డిటెక్టివ్ అంటుంది. అది వెక్కిరింపు అని ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా నవ్వుతూ పలకరించి వెళ్తే, "వీడికి మనతో ఏం పని పడిందే?" అంటాడు. కన్నతల్లి కళ్ళు తుడుచుకుంటుంటే, "ఉల్లిపాయలా, నిజంగానా?" అని అడిగిన మనిషి. కోడిగుడ్డుకు ఈకలు పీకడమే కాదు, పీకిన వాటిని రంగులవారీగా వేరుచేసి పెట్టే రకం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బూటు అడుగు చూసి మనిషి గుట్టు చెప్పేస్తాడు. మోకాలు నొప్పని సెలవు పెట్టిన గుమాస్తా ఒకడు బూట్లు తెస్తే, తిరగేసి చూసి, "వేళ్ళ దగ్గరే అరిగింది. డాన్సు ఎక్కడ నేర్చుకుంటున్నావు?" అన్నాడు. గుమాస్తా మొహం మాడిపోయింది. నిజంగానే నేర్చుకుంటున్నాడట! అప్పట్నుంచి మా ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

తను వేసిన ప్రతి సోలుకూ మడమ దగ్గర దబ్బనంతో మూడు చుక్కలు పొడుస్తాడు. అది ఆయన సంతకం. ఆ దబ్బనం నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. దారానికి మైనం రాయడం, జిగురు కలపడం, తోలు నానబెట్టడం నా వంతు. కుట్టు మాత్రం ఆయనదే. పదిహేడేళ్ళుగా ఆయన ఎత్తు బల్ల ముందు నిలబడి కుడుతుంటే నేను వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఇక అసలు సంగతి. ఈ ఏడు స్టేడియం కమిటీ వాళ్ళు ఒక పోటీ పెట్టారు. ఊళ్ళోని ఆటగాళ్ళందరిలో మేటి ఎవరో ఒక్కరిని తేల్చి, వాళ్ళ బొమ్మ ముందు గోడ మీద వేయిస్తారు. స్టేడియంలో పర్మనెంటుగా కోచ్ పని కూడా ఇస్తారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్. రెండోది మారథాన్ పరిగెత్తే అమ్మాయి. ఇద్దరూ మా కొట్టుకే వస్తారు. గోల్‌కీపర్‌కు బ్యాంకులో ఉద్యోగం ఉంది, గెలవకపోయినా గడిచిపోతుంది. ఆ అమ్మాయి మందుల గోడౌన్‌లో అట్టపెట్టెలు మోస్తుంది. వచ్చే నెలతో ఆ పనీ అయిపోతుంది. ఈ కోచ్ పని రాకపోతే పరుగూ లేదు, పొట్టకూ లేదు.

పరుగునూ గోలునూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారో నాకైతే అర్థం కాలేదు. ఊరు మాత్రం రెండుగా చీలిపోయింది. "గోల్‌కీపర్‌ని రోడ్డు మీద పరిగెత్తించండి, ఆ పిల్లని గోలు ముందు నిలబెట్టండి, తేలిపోతుంది" అన్నాడు ఎదురు కొట్టు మంగలి, ఆ పిల్ల మారథాన్ గెలిచిన సాయంత్రం. మా ఆయన ముక్కు విరిచాడు.

"గోల్‌కీపర్ మీద వేల కళ్ళుంటాయయ్యా. బంతి వదిలేస్తే ఊరంతా చూస్తుంది. మరి పరుగో? నలభై రెండు కిలోమీటర్లు. చెరువు కట్ట మీద మంచు. అక్కడ ఎవడు చూశాడు? స్కూటరెక్కి కట్ట దాటినా అడిగే దిక్కు లేదు."

"అంత అనుమానమైతే వెనకాలే మీరూ పరిగెత్తాల్సింది" అన్నాను లోపల్నుంచి.

"నువ్వూరుకోవే. నీకు మనుషుల సంగతి తెలీదు."

నాకు తెలియని మనుషుల్లో నేను కూడా ఉన్నానని అప్పటికి నాకూ తెలియదు.

మారథాన్ అయిన మర్నాడు ఆయన జ్వరంతో మంచం ఎక్కాడు. పన్నెండు రోజులు లేవలేదు. ఆ మొదటి రోజు పొద్దున్నే అమ్మాయి వచ్చింది, గెలిచిన కాళ్ళను కుంటుకుంటూ ఈడ్చుకొని. ఉన్నది ఒక్కటే జత. సోళ్ళు కాగితంలా అరిగిపోయాయి, ఎడమది చిల్లిపడింది కూడా. "బాబాయ్ లేవడా పిన్నీ? ప్రాక్టీసు ఆపితే కాళ్ళు బిగుసుకుపోతాయి" అంది. పోయి పది రోజులాగి రమ్మని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే నా చెయ్యి దబ్బనం మీద ఉంది.

కుట్టాను. పాతవి ఊడదీసి, అదే రకం రబ్బరు కోసి, జిగురు పెట్టి, అంచంతా కుట్టాను. అబ్బ, ఏమి సంతోషమో! పదిహేడేళ్ళు కళ్ళతో కుట్టిన కుట్టు అది. మడమ దగ్గర మూడు చుక్కలు కూడా పొడిచాను. లేకపోతే తర్వాత దొరికిపోతాను కదా.

"బాబాయికి చెప్పకు తల్లీ, నా మీద ఒట్టే" అన్నాను.

"చచ్చినా చెప్పను పిన్నీ" అని నవ్వింది.

ఆ పన్నెండు రోజుల్లో ఇంకా కొన్ని జతలు కుట్టాను. వాటి సంగతి తర్వాత.

మా ఆయన లేచి తిరగసాగాడు. ఆ వారమే ఫైనల్లో గోల్‌కీపర్ ఆఖరి బంతిని ఎగిరి ఆపాడు. "అలా ఎగరాలంటే కాలి కింద పట్టుండాలి. ఆ బూట్లకు కుట్టేసింది ఎవరనుకున్నావ్?" అని మా ఆయన నాలుగు రోజులు మీసం దువ్వుకున్నాడు. నేను జిగురు గిన్నె మీదకి వంగి గబగబా కలిపాను.

ఆ తర్వాత అమ్మాయి బూటు పక్కన చిరిగిందని తెచ్చి, సాయంత్రం వస్తానని ఇచ్చి పోయింది. ఆయన దాన్ని తిరగేశాడు. అలాగే బిగుసుకుపోయాడు.

"ఒసేయ్, ఇటు రా! ఈ సోలు నేనేసి రెండు నెలలు దాటింది. ఇదిగో నా చుక్కలు. రోజూ ప్రాక్టీసు, ఆపైన మారథాన్. ఇంత పరిగెత్తితే సోలు ఇలా కొత్తపెళ్ళికూతురిలా ఉంటుందా? నేను చెప్పలా, స్కూటరని!"

నేను నోరు తెరిచేలోపే ఆయన బూటు చంకలో పెట్టుకొని టీకొట్టుకు పోయాడు. మంగలి చెవిన వేస్తే ఇక చెప్పాలా? చీకటి పడేలోపు ఊరంతా గుప్పుమంది. శనివారం పదింటికి కొట్టుకే వచ్చి బూటు చూస్తామని కమిటీ కబురు పెట్టింది.

మధ్యలో మూడు రోజులు. పేపరు వాళ్ళు ఆ అమ్మాయిని చుట్టుముట్టి ఎన్ని అడిగినా, "నేను పరిగెత్తాను" అన్న ఒక్క మాటే చెప్పిందట. రెండో రోజు మా గుమ్మంలో నిలబడింది. నావైపు చూసింది. అడగలేదు. మాటిచ్చింది కదా. నేను తల వంచుకొని మైనం రాసిన దారానికే మళ్ళీ మైనం రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎందుకు చెప్పలేదంటారా? ఈ లోకంలో ఆయన అనుమానించని మనిషిని నేనొక్కదాన్నే. పదిహేడేళ్ళలో ఎక్కడికెళ్ళావని అడగలేదు, పోపులడబ్బా వెతకలేదు. ఆ ఒక్క నమ్మకం పోతే ఇక ఈ రెండు గదుల్లో ఎలా బతకడం? అదీ నా భయం. అటు చూస్తే ఆ పిల్ల అన్నం.

శనివారం కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. అమ్మాయి ఓ పక్కన నిలబడింది. గుమ్మం బయట మంగలితో సహా సగం పేట. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని బూటు పైకెత్తి చూపించాడు. "సార్, నా చుక్కలు అబద్ధం చెప్పవు."

సెక్రటరీ కళ్ళజోడు సర్దుకొని అమ్మాయిని అడిగాడు. "ఏమ్మా, దీనికేమంటావు?"

ఆ అమ్మాయి నావైపు చూడను కూడా చూడలేదు. "పరిగెత్తాను సార్" అంది. అంతే.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఎవరి మీదంటే నా మీదే. బల్ల కిందికి దూరి తుక్కు గోనె బయటికి లాగి గుమ్మరించాను. అడుగున దొరికాయి, నేను ఊడదీసిన పాత సోళ్ళు. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఇవీ మీరేసినవి. పరుగైన మర్నాడు నేనే ఊడదీశాను. ఆ బూటుకున్నది నేను కుట్టింది. చుక్కలూ నేనే పొడిచాను."

మా ఆయన పాత సోలును వెలుతురుకు పట్టాడు. బొటనవేలితో అంచంతా తడిమాడు. తర్వాత కొత్తది చూశాడు. చాలాసేపు చూశాడు.

"మూడో చుక్క వంకర" అన్నాడు మెల్లగా. తర్వాత సెక్రటరీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఎడమ మడమ బయటి అంచు పూర్తిగా పోయింది సార్. ఈ అమ్మాయి నడకే అది. ఇంత అరుగుడు స్కూటరెక్కితే రాదు. పరిగెత్తింది. నేను పొరపాటు పడ్డాను, రాసుకోండి."

ఆయన నోట పొరపాటు అన్న మాట వినడం అదే మొదలు. మంగలి చేతిలో టీగ్లాసు వొలికింది.

కోచ్ పని ఆ అమ్మాయికే వచ్చింది. గోడ మీద బొమ్మ వేశారు, ముక్కు మాత్రం ఆమెది కాదు. గోల్‌కీపరే మొదట చప్పట్లు కొట్టాడట. ఎవరు గొప్పో మంగలి ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

మా ఇంట్లో మాత్రం మాటల్లేవు. మూడో రోజు అన్నం ముందు కూర్చొని అడిగాడు. "ఇంకెవరివి కుట్టావు?"

"గోల్‌కీపర్‌వి."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చెయ్యి కడుక్కొని లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, నా చెప్పులు తీసుకొని తిరగేశాడు.

అయిపోయింది అనుకున్నాను. పదిహేడేళ్ళకు నా చెప్పుల వంతు వచ్చింది. నేనెక్కడెక్కడ తిరుగుతున్నానో చూస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు కావు.

ఆయన ఆ చెప్పుల్ని అటూ ఇటూ తిప్పాడు. వెలుతురుకు పట్టాడు.

"మడమ కొత్తగానే ఉంది. నువ్వెక్కడికీ వెళ్ళలేదు" అన్నాడు. "వేళ్ళ దగ్గరే అరిగింది. రెండు కాళ్ళకూ."

"ఆ."

"నా వెనక మునివేళ్ళ మీద నిలబడి చూసేదానివా?"

"మీ భుజం అడ్డం మరి. పొట్టిదాన్ని."

చెప్పులు కింద పెట్టలేదు. బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, రబ్బరు కోసి, నిలబడి రెండింటికీ సోళ్ళు వేశాడు. చుక్కలు మాత్రం పొడవలేదు. దబ్బనం నావైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఇక్కడ పెట్టు" అన్నాడు. "మూడోది వంకర పోకుండా చూసుకో."