కాలు మీది కదండీ

మా కాంపౌండరు గారు పోయారు. మొన్న పొద్దున్న నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నగారు లేరండి. మధ్యాహ్నం నమాజు అయ్యేక తీసుకెళ్తాం. ముందు మీకే చెప్పమనేవోరండి," అన్నాడు. నాకే ఎందుకో మా రాజోలు వైపు వాళ్లకి తెలుసు. మీకు చెప్పాలంటే నా కుడికాలి సంగతి చెప్పాలి.

నాకు నాలుగేళ్లప్పుడు విపరీతమైన జ్వరం వచ్చింది. కాంపౌండరు గారు ఎవరి దగ్గర పనిచేసేవారో ఆ డాక్టరు గారు ఆ రోజు అమలాపురం వెళ్లారు. "మీ చేతికి అలవాటే కదండీ, ఒక్క సూది వేసెయ్యండి," అని అమ్మ బతిమాలింది. డాక్టరు గారు చెబితే వేలసార్లు వేసిన చెయ్యి. ఆ ఒక్కసారి డాక్టరు గారు చెప్పకుండా వేసింది. సూది తుంటి నరానికి తగిలింది. జ్వరం తగ్గింది గానీ కాలు చచ్చుబడింది.

అమ్మ చాలా రోజులు చర్చిలో ఏడ్చి, చివరికి ఆయన దగ్గరికి వెళ్లి, "వెయ్యమన్నది నేనే. క్షమించేశానండి, ఇంక మనసులో పెట్టుకోకండి," అందట. ఆయన పెట్టుకున్నారు. "చదువు లేకుండా వైద్యానికి దిగినవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అని మా ప్రవక్తగారు చెప్పేరండి. మంచి చేద్దామనే చేసేనంటే సరిపోదు," అన్నారట. మసీదులో మౌలానా గారిని అడిగితే, అమ్మ తన బాధను వదులుకోగలదు గానీ పిల్లాడి హక్కు పిల్లాడే పెద్దయ్యాక వదులుకోవాలన్నారట.

నేను పెద్దయ్యేదాకా ఆయన ఊరికే కూర్చోలేదు. అమ్మ పొరుగూరి బళ్లో టీచరు, మొదటి బస్సుకే వెళ్లిపోయేది. సైకిలు క్యారియరు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి, నన్ను కూర్చోబెట్టి, కాలవగట్టు మీద నడిపించుకుంటూ బడికి తీసుకెళ్లేవారు. తను ఎక్కి తొక్కితే నేను పడిపోతానేమోనని ఆయన భయం. దారిలో ఎవరైనా పిల్లలు ఎక్కబోతే, "ఆ సీటు రిజర్వుడండి," అనేవారు. సాయంత్రం నా చేత కాలి ఎక్సర్‌సైజులు చేయించేవారు. పదితో సరిపెట్టబోతే ఒప్పుకునేవారు కాదు. హుషారొచ్చి ఇంకొకటి చేయబోయినా, "డాక్టరు గారు ఇరవై అన్నారు. ఇరవైయే," అని ఆపేసేవారు.

డాక్టరు గారు పోయాక ఊరంతా కాంపౌండరు గారిని సొంతంగా వైద్యానికి బోర్డు పెట్టుకోమంది. "చూసి నేర్చుకున్నది చదువవుద్దా అండీ," అనేవారు. జ్వరమని వచ్చినవాళ్లని ఆటో ఎక్కించి, తనూ పక్కన కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. విసుక్కున్నవాళ్లు చాలామందే.

నాకు పద్దెనిమిది నిండిన వారంలో కొత్త చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మగారు ఎప్పుడో క్షమించేరు బాబూ. కాలు మీది కదండీ. మిమ్మల్ని అడగాలి," అన్నారు.

ఆ రోజే కాలేజీలో ఎవడో కుంటోడా అన్నాడు. ఆ కోపం ఆయన మీద చూపించాను. "మీ వల్లే కదా ఇదంతా!" అన్నాను.

"ఆయ్, నా వల్లే బాబూ," అన్నారు. ఒక్క సాకు చెప్పలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

మళ్లీ అడగలేదు. నా కోపం ఏడాదిలోనే చల్లారింది. చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. కనబడినప్పుడల్లా, "ఇరవై చేస్తున్నారా?" అనేవారు. చేస్తున్నానండీ అనేవాణ్ణి. అడగకపోయినా క్షమించానన్న మాట నేనే అనాల్సింది. అనలేదు. ఇప్పుడు ఆయన గుమ్మంలోకి వచ్చి మళ్లీ ఒక్కసారి అడిగితే బాగుండునని ఎంత అనిపిస్తోందో చెప్పలేను.

మసీదులో ఆయన కోసం చేసే నమాజుకి ముందు వాళ్లబ్బాయి లేచి, "మా నాన్నగారి వల్ల ఎవరికేనా నష్టం జరిగుంటే మాఫ్ చెయ్యండి," అన్నాడు. వెనక గోడ దగ్గర నిలబడ్డ నా వైపు అందరూ తిరిగారు.

"మాఫ్ చేసేనండీ," అన్నాను. ఎంత గట్టిగా అన్నా వినాల్సిన మనిషి వినలేదు.

ఆయన్ని మోసే జనాజా మంచానికి నేనూ భుజం పట్టాను. నా అడుగుకి మంచం ఒకపక్కకి ఒరుగుతుంటే ముందున్నవాళ్లు నడక తగ్గించారు. కబరస్తాన్‌కి దారి వాళ్లింటి ముందు నుంచే. అరుగుకి ఆనించి పాత సైకిలు ఉంది. క్యారియరు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి ఉంది.