నా వంతు బీరు

మా అమ్మ నా తరఫున దేవుడికి చాలా ఇచ్చింది. ఇంజనీరింగులో లెక్కల పేపరు ఎంతకీ గట్టెక్కేలా లేదని తేలినప్పుడు, మా వాడు పాసైతే తలనీలాలు ఇస్తాడు స్వామీ, బతికున్నంతకాలం శనివారం మందూ మాంసం ముట్టడు స్వామీ అని ఏడుకొండలవాడికి మొక్కేసింది. తన జుట్టు జోలికీ, తన నాలుక జోలికీ మాత్రం వెళ్ళలేదు. అప్పటికి నేను బీరు వాసన కూడా చూసి ఎరగను. నా తాగుడు మీద మా అమ్మకున్న ముందుచూపు నాకే లేదు. పేపరు పాసయ్యాను, గుండూ అయింది, జుట్టూ మళ్ళీ మొలిచింది. శనివారం మాత్రం వారం వారం వస్తూనే ఉంది.

నేను దేవుణ్ణి పెద్దగా పట్టించుకునే రకం కాదు. కానీ ఆ మొక్కు దేవుడిది కాదు, అమ్మది. దేవుడితో వాదించవచ్చు. అమ్మతో వాదించి గెలిచినవాణ్ణి మా గుంటూరు జిల్లాలో నేను చూడలేదు. అందుకని రెండు వేల సంవత్సరంలో బెంగళూరు వచ్చి ఊరి చివర హూడిలో గది తీసుకున్నాక కూడా, వారంలో ఐదు రోజులు కంపెనీకి, ఒకరోజు వెంకన్నకి, మిగిలిన ఆదివారం బీరుకి అని పంచుకుని బతికాను. ఉన్నవే రెండు సెలవులు, అందులో ఒకటి దేవుడు పట్టుకుపోయాడే అని నా గదిలో ఉండే స్నేహితుడు తెగ జాలిపడేవాడు.

ఆ రోజుల్లో బీరు తాగాలంటే సిటీ నడిబొడ్డుకి పోవాలి. కె.ఆర్.పురం దాటేసరికే దాహం చచ్చిపోయేది. పదేళ్ళు గడిచాక, ఆ దశాబ్దం ముగిసీ ముగియకుండా, మా వైపే ఒక కొత్త చోటు తెరిచారు. టైల్స్ గోడౌనుగా ఉన్న రేకుల షెడ్డుని ఊడదీసి, అద్దాల గోడ కట్టి, ఆ అద్దం వెనక మనిషి కంటే ఎత్తైన స్టీలు డ్రమ్ములు నిలబెట్టారు. సారా కాచినట్టు బీరు అక్కడే కాచి అక్కడే పోస్తారు. మా ఊళ్ళో ఇదే పని చేసినవాణ్ణి పోలీసులు జీపెక్కించేవాళ్ళు. ఇక్కడ కారు పార్కు చేసి పెట్టడానికి టోపీ పెట్టుకున్న మనిషి ఉన్నాడు.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. మా ఆఫీసులోనే పనిచేసే ఒకమ్మాయిని పెళ్ళి చేసుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. వాళ్ళు తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. పాత ఊరి పేటలో పట్టుచీరల కొట్టు. ఆమె తనవైపు ఇంట్లో చెప్పింది. మా అమ్మానాన్నలు సరేనన్నారు. మిగిలింది వాళ్ళ నాన్న.

ఇంకో సంగతి కూడా మిగిలి ఉంది. నేను హైదరాబాదుకి బదిలీ అడిగాను, అది మంజూరైంది కూడా. అమ్మానాన్నలకి దగ్గర, తెలుగు నేల, పైగా పొద్దున్నే ట్రాఫిక్‌లో కూర్చుని ముసలివాణ్ణవుతున్నానన్న దిగులు. పెళ్ళి కాగానే ఇద్దరం వెళ్ళిపోదామని నా ఆలోచన. ఆ మాట ఆమెకి చెప్పాను. "నేను యాడికైనా వస్తా. మా నాయనకు మాత్రం నువ్వే చెప్పాల. నా చేత చెప్పించొద్దు" అంది.

ఎలా చెప్పాలా అని నేను గోళ్ళు కొరుక్కుంటుండగా ఆయనే ఫోను చేశాడు.

"ఏమప్పా, శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండావా? మీ పక్క కొత్తగా బీరు కాచే హోటలు తెరిచినారంట. ఆడ కూచుందాం. తాగకముందు అందురూ మంచి అల్లుళ్ళే. తాగినాక తెలుస్తాది ఎవుడు ఏమని."

"అలాగే అంకుల్" అనేశాను. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, ఆయన అన్నది శనివారం అని.

"ఒక్క శనివారం దేవుడికి లీవు పెట్టరా. ఆయన తిరపతిలో ఉన్నాడు, నువ్వు హూడిలో ఉన్నావు" అన్నాడు గదిలో స్నేహితుడు. దేవుడి సంగతి సరే, సాయంత్రం మా అమ్మ ఫోను చేసి "శనివారం పాటించావా నాన్నా" అని అడుగుతుంది. ఆ గొంతుకి అబద్ధం చెప్పడం నావల్ల కాదు. అలాగని ఫోను చేసి శనివారం కుదరదంటే, పెద్దాయన వీడేదో దాస్తున్నాడనుకుంటాడు. దాస్తున్న మాట నిజమే కాబట్టి ఇంకా భయం.

శనివారం చెప్పిన టైముకి ముందే వెళ్ళాను. ఆయన నాకంటే ముందే వచ్చి, అద్దం పక్కన బల్ల చూసుకుని, ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. చుట్టూ చిరుగుల జీన్సులు, మెడలో ఐడీ కార్డులు, చెవులు పగిలే ఇంగ్లీషు పాట. వాటి మధ్య ఆయన బేరానికి వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. నడుముకి నల్ల గుడ్డ కట్టుకున్న వెయిటరు, చెక్క పళ్ళెంలో చిన్న చిన్న గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టాడు. ఒక్కోదాంట్లో ఒక్కో రకం. రుచి చూసి నచ్చింది చెబితే పెద్ద మగ్గులో పోస్తారట.

పెద్దాయన మొదటి గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇది చెడిపోయిండాది కదప్పా. మబ్బుగా ఉండాది. అడుగున మిగిలింది పోసినారేమో."

గోధుమ బీరు అలాగే ఉంటుంది సార్, వడకట్టం, కాస్త అరటిపండు వాసన, కాస్త లవంగం వాసన తగులుతుంది చూడండి అని వెయిటరు కన్నడంలో వినయంగా విడమరిచాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "అరటిపండు, లవంగం. అంటే తాంబూలమే కదప్పా? అప్పుడే తాంబూలాలా? నేనింకా పిల్లనిస్తానని చెప్పనే లేదే!"

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. సగం నవ్వి ఆపేశాను. ఆయన ఇంకో గ్లాసు నా వైపు జరిపాడు. "తీసుకో."

ఇక దాచి లాభం లేదు. "నేను శనివారం తాగనండీ."

"మిగిలిన దినాలు?"

"తాగుతాను."

"మరి ఫోన్లో చెప్పుంటే ఆదివారం పెట్టుకుందుము కదా. ఏంటికి చెప్పలేదు?"

"భయమేసింది."

"దేవునికా, నాకా?"

"ఇద్దరికీ. మా అమ్మకి ఇంకా ఎక్కువ."

మొక్కు కథంతా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. మీ అమ్మ గట్టిది అన్నాడు. తర్వాత గ్లాసులన్నీ తన వైపు లాక్కుని, "సరే. నీ వంతు కూడా నేనే తాగుతా" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. మబ్బుదాన్ని చెడిపోయిందని తిడుతూనే ఖాళీ చేసి, అదే పెద్ద మగ్గులో తెమ్మన్నాడు. తినడానికి కార్డు చూస్తుంటే 'గుంటూరు చికెన్' అని కనిపించింది. "మీ ఊరిదే కదా, చూద్దాం" అని అదీ తెప్పించాడు. ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చింది, మీద ఉల్లికాడలు చల్లి. చూడగానే నాకు అనుమానమేసింది. మా ఊళ్ళో కోడికూరకి ఆ మెరుపు ఉండదు. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి, "మీ ఊరి కోడి తియ్యగా ఉండాదే! గుంటూరంటే కారం అంటారు, సుమ్మనేనా, ఉత్తదేనా?" అన్నాడు.

గుంటూరు జిల్లా పరువంతా ఆ పళ్ళెంలో పడి ఉంది. అది మాది కాదండీ, అందులో టమాటా సాసు పోశాడు వెధవ అని అరవాలనిపించింది. రుచి చూసి చెప్పడానికి శనివారం అడ్డం. నిమ్మకాయ సోడా తాగుతూ, వేయించిన బంగాళాదుంప ముక్కలు తింటూ, నా ఊరి పేరు చెప్పి ఆయన చక్కెర కోడి తింటుంటే చూస్తూ కూర్చున్నాను. జీవితంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ లేను.

బీరు సాగుతున్నకొద్దీ ఆయన మాటలు పెరిగాయి. మగ్గం చీర ఏదో, మర చీర ఏదో అంచు పట్టుకుంటే ఎలా తెలుస్తుందో చెప్పాడు. తమ్ముడు కొట్లో కూర్చుంటే ఖాతాదారులు ఎలా పారిపోతారో చెప్పాడు. నేను ఊఁ కొడుతూ, హైదరాబాదు మాట ఎక్కడ దూర్చాలా అని సందు వెతుక్కుంటున్నాను. ఒక దశలో ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎక్కేసింది రా దేవుడా అనుకున్నాను.

"నాకు ముగ్గురు ఆడపిల్లలప్పా" అన్నాడు. "పెద్దామె హైదరాబాదు. నడిపామె మద్రాసు. మంచి సంబంధాలని ఇద్దర్నీ పంపిస్తి. ఫోను చేస్తారు. నాయనా బాగుండావా అంటారు. బాగుండా అంటా. ఇంగ దాని తరువాత ఏం మాట్లాడాల్నో వాళ్ళకూ తెలీదు, నాకూ తెలీదు. ఈమె ఆదివారం కొట్టుకు వచ్చి నా పక్కన కూచుంటాది. ఏమీ మాట్లాడదు. సుమ్మనే కూచుంటాది."

ఆయన కంట్లోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

"నా పిల్లను యాడికీ తీసకపోవద్దప్పా."

తాగినవాళ్ళకి చెప్పే మాట ఒకటి అందరి దగ్గరా ఉంటుంది. అలాగేనండీ, తప్పకుండా, మీరు చెప్పాక ఇంకేముంది. తెల్లారితే ఎవరికీ గుర్తుండదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఊరికే తల ఊపొద్దు. తాగినోని మాట నీళ్ళ మీద రాత. రేపు పొద్దున్నకు ఏం అడిగినానో నాకే గుర్తుండదు. నువ్వు తాగలేదు. నువ్వు చెప్పింది నిలబడాల. దానికే అడుగుతుండా."

నేను కూడా ఒక్క మగ్గు తాగి ఉంటే ఎంత బాగుండేదో. ఇద్దరం కలిసి ఏడ్చి, ఒట్లు వేసుకుని, ఇళ్ళకి పోయి, అన్నీ మర్చిపోయేవాళ్ళం. ఆ హాలంతటిలో మాటకి విలువున్న మగాణ్ణి ఆ మధ్యాహ్నం నేనొక్కణ్ణే. అది మా అమ్మ చలవ.

"అంకుల్, హైదరాబాదు బదిలీ నేనే అడిగానండీ. వచ్చేసింది కూడా. పెళ్ళయ్యాక వెళ్దామనుకున్నాం. మీకు చెప్పే ధైర్యం లేక ఆగాను."

ఆయన పళ్ళెంలో మిగిలిన ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పాడు. కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను. కోప్పడలేదు. "ఊఁ. మంచి ఊరు" అన్నాడు. పెద్ద కూతురి పెళ్ళిలో కూడా ఆ మాటే అని ఉంటాడనిపించింది. నాకు ఆయన మీద పట్టరాని జాలీ, నా మీద నాకు రోతా ఒకేసారి కలిగాయి.

"సోమవారం ఆఫీసులో బదిలీ వద్దని చెప్పేస్తాను" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదది. నోటినుంచి వచ్చేసింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత వెయిటర్ని పిలిచి, "ఆ చెడిపోయింది ఇంకొకటి తీసుకురాప్పా" అన్నాడు.

సాయంత్రం ఎండ ఉండగానే ఆటో ఎక్కించాను. డ్రైవరుకి ఏ దారిన పోవాలో కన్నడంలో చెబుతూ వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యాక నా బుర్ర మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టింది. ఆయన తాగి ఉన్నాడు. రేపటికి గుర్తుండదని ఆయనే అన్నాడు. గుర్తులేని మాటకి సాక్షి ఎవరు? మెల్లగా, పెళ్ళయ్యాక, నచ్చజెప్పి... ఇలా రాత్రంతా దొంగదారులు వేసుకుంటూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే ఆమె ఫోను. "మా నాయన ముహూర్తం చూడమన్నాడు. ఏం మాయ చేసినావు?"

ఎగిరి గంతేయాల్సింది పోయి, "నిన్నటివి ఆయనకి ఏమైనా గుర్తున్నాయా?" అని అడిగాను.

"ఏంటికి గుర్తుండవు?"

"బాగా ఎక్కిందిగా. చివర్లో ఏడ్చేశాడు కూడా."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"మా నాయన ఏడ్చినాడా?" అంది. గొంతు మారిపోయింది. "ఆయనకు బీరు ఎక్కేదేంది? పండగ దినాల్లో మా చిన్నాయనలంతా గోడలు పట్టుకుని నడుస్తుంటే, ఆయన వాళ్ళకంటే ఎక్కువ తాగి, కొట్టుకు పోయి పట్టుచీర మడత మీద మడత పడేట్ల మడిచి పెడతాడు. మా అక్కల పెండ్లిండ్లలో కూడా ఆయన ఏడ్వంగ నేను చూడలేదు."

రాత్రి వేసుకున్న దారులన్నీ తలుచుకుంటే సిగ్గేసింది. ఆమెతో ఏం మాట్లాడి ఫోను పెట్టేశానో గుర్తులేదు.

సోమవారం మేనేజరు గదిలోకి వెళ్ళి, హైదరాబాదు వద్దన్నాను. అంతగా బతిమాలి తెచ్చుకున్నావు కదయ్యా, ఇప్పుడేమొచ్చింది అన్నాడాయన.

"మా మామగారు ఇక్కడుంటారండీ."

"నీకు పెళ్ళెప్పుడయింది?"

"ఇంకా కాలేదండీ" అన్నాను.