దొర ఎదలో పోసిన ఇసుక

నా కుడిచేతి వేళ్లు అయిదూ చక్కగా ముడుచుకుంటాయి. పిడికిలి బిగిస్తే ఎక్కడా నొప్పి ఉండదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ పిడికిలిని చూసుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎందుకో ఇవాళ మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదీ మంచిదే. ఒక్కటే మనవి, మధ్యలో నా మీద జాలిపడకండి.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నాకు నమ్మకం లేదు. అయినా చెప్పి తీరాలి.

ఊరిగాంలో మా కరాటే క్లాసు పాత కంపెనీ హాల్లో జరిగేది. కోలారు బంగారు గనులు మూతపడ్డ తర్వాతి రోజులవి. మా నాన్నకు పని పోయింది. క్లాసులో సగం మంది ఇళ్లలో అదే కథ. హాలు మధ్యలో గుంజకు కట్టిన మనిషి బొమ్మ ఒకటి ఉండేది. గుడారం గుడ్డతో తల, భుజాలు, ఎద, పొట్ట కుట్టి, లోపల పేలికలూ రంపపు పొట్టూ కూరిన బొమ్మ. గుద్దులు నేర్చుకునేది దాని మీదే. మేం దానికి దొర అని పేరు పెట్టుకున్నాం. మా తాతలు గనిలో దొరల చేత తిన్న తిట్లన్నిటికీ మనవరాళ్లం సాయంత్రం పూట బదులు తీర్చుకునేవాళ్లం.

వానాకాలం వస్తే దొర లోపలి పొట్టు చెమ్మగిల్లి కుళ్లిపోయేది. వంతులవారీగా మేమే విప్పి మళ్లీ నింపాలి. నింపినవాళ్లే అందరి ముందూ ఎద మీద మొదటి గుద్దు గుద్దాలి, ఒట్టి చేత్తో. మాస్టర్ తండ్రి గనిలో పైకప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే పని చేసినవాడు. దూలం నిలబెట్టినవాడే మొదట దాని కింద నిలబడాలనేది అక్కడి పద్ధతి. ఆ పద్ధతినే మాస్టర్ మా హాల్లోకి తెచ్చాడు.

ఆ ఏడు నా వంతు వచ్చింది. రంపపు పొట్టు కోసం రాబర్ట్‌సన్‌పేటలో కట్టె మిల్లుదాకా నడవాలి. సైనైడ్ దిబ్బ మాత్రం హాలు వెనకే ఉంది. రాయిని పొడి చేసి సైనైడ్‌తో బంగారం తీసుకున్నాక మిగిలిన ఇసుకను కొండలా పోసిన దిబ్బ అది. ఎండలో ఆ ఇసుక పిండిలా జారుతుంది. నాకు బద్ధకం. గోనెసంచిలో ఇసుక నింపి దొర ఎదలో పెట్టి, పైన పేలికలు కప్పి కుట్టేశాను. ఇక్కడిదాకా నన్ను బద్ధకస్తురాలనండి, ఒప్పుకుంటాను.

మొదటి గుద్దు గుద్దకముందే వాన పట్టుకుని క్లాసు ఆగిపోయింది. హాలు పైరేకులు కారి దొర తడిసిపోయాడు. వాన వెలిసి బాగా ఎండ కాశాక, ఒకరోజు పొద్దున అందరికంటే ముందు వెళ్లి అతని ఎద మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. రాయి. దిబ్బ ఇసుక తడిసి ఆరితే బిగుసుకుపోతుందని కేజీఎఫ్‌లో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. చిన్నప్పుడు దాంతో బొమ్మరిళ్లు కట్టినదాన్ని, నాకు తెలియదా?

తెలుసు. బాగా తెలుసు.

రాష్ట్ర పోటీకి మా క్లాసు నుంచి ఒక్క అమ్మాయిని ఎంపిక చేసే రోజు అది. మిగిలింది ఇద్దరం, నేనూ మునిరత్నా. రత్నది కురుడుమలె పక్క పల్లె. ఊరిగాంలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. నా నేస్తం, ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. నాకంటే బాగా గుద్దేది. ఇది ఆ రోజుల్లో ఒప్పుకోలేకపోయాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నింపినదాన్ని కాబట్టి ముందు నేను గుద్దాలి. గొంతు చించుకుని అరిచి, పిడికిలిని గుడ్డకు తాకీ తాకకముందే ఆపేశాను. కొట్టినట్టే కనిపించి ఆపడం మా విద్యలో ఒక నేర్పు. ఎవరూ పసిగట్టలేదు. పక్కకు జరిగి రత్నకు చోటిచ్చాను.

ఆమె చెయ్యి విరగాలని కోరుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. విరగాలని కాదు, కాస్త నొప్పి పుడితే చాలు, ఆ ఒక్క పూట గుద్దు తగ్గితే చాలు అనుకున్నానని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను, తర్వాత అసలేమీ అనుకోలేదని, భయంతో నోరు రాలేదని చెప్పుకున్నాను, ఇప్పుడు ఏది నిజమో నాకే తేలడం లేదు. తేలినా ఏం మారుతుంది? నోరు తెరిచి "ఆగు" అనడానికి కావలసినంత సమయం ఉండింది. నేను తెరవలేదు.

రత్న గుద్దింది. ఎముక విరిగిన చప్పుడు నాకూ వినిపించింది.

నేల మీద కూలబడి, చెయ్యి ఒడిలో పెట్టుకుని, "దొర గట్టిగా ఉండాడు మాస్టర్" అంది. ఆయన కోపంగా, "నింపిన పిల్ల ముందే గుద్దింది కదమ్మా, ఆ పిల్లకేమన్నా అయ్యిందా? మణికట్టు వంచినావు నువ్వు. పొగరుతో గుద్దితే ఇట్లే అయితాది. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్ల?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెయ్యి విరగడంకంటే ఆ నవ్వే పెద్ద పాపమని ఇప్పుడనిపిస్తుంది. సాయంత్రం నెత్తురు మరక కడుగుతానని చెప్పి దొరను విప్పి, ఆ గడ్డను దిబ్బ మీద పారేసి, పేలికలు కూరాను.

పోటీకి నేను వెళ్లాను. సర్టిఫికెట్ వచ్చింది, దాంతో స్కూల్లో ఆటల టీచరు ఉద్యోగం వచ్చింది. మాస్టర్ పోయాక అదే హాల్లో క్లాసూ నాదే. రత్న ఎముక వంకరగా అతుక్కుంది. చదువు మానేసి పల్లెకు పోయింది. దొంగకు తేలు కుట్టినట్టు అన్నేళ్లూ కిక్కురుమనకుండా ఉన్నాను. చర్చిలో పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు ఫాదర్‌తో సోమరితనమని మాత్రం చెప్పుకునేదాన్ని. అబద్ధం కాదు. నిజమూ కాదు.

పోయిన ఏడు రత్న తన కూతురు కావ్యను ఊరిగాం హాస్టల్లో చేర్చి నా క్లాసుకే పంపింది. నా మీద అంత నమ్మకం. ఆ పిల్ల కాళ్లూ నడుమూ అచ్చం తల్లివే. కానీ బొమ్మ ముందు నిలబెడితే గుద్దు మధ్యలోనే చచ్చిపోతుంది. ఎందుకమ్మా అంటే, "మాయమ్మ పొగరుతో గుద్ది చెయ్యి పోగొట్టుకున్న్యాదంట. మెల్లగా కొట్టమని చెప్పింది" అంది. నేను చెప్పని నిజం ఆ పిల్ల చేతిదాకా వచ్చేసింది. ఇంక ఆగకూడదని ఆ పూటే అనుకున్నాను.

సెలవుకు కావ్య ఊరికి వెళ్లింది. నేనూ బస్సెక్కి వెళ్లాను. రత్న పశువుల కొట్టంలో ఎడమచేత్తో పాలు పితుకుతోంది. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రత్నా, ఆ పొద్దు నీ తప్పేమీ లేదు మే. దొర ఎదలో దిబ్బ ఇసుక పోసింది నేను. గట్టిపడిండాదని తెలిసి కూడా నీకు చెప్పలేదు. నేను గుద్దనేలేదు, గుద్దినట్టు అరిచినాను."

ఆమె చెయ్యి ఆగింది.

"తెలిసేనా?"

"తెలిసే."

ఆవు కాలు కదిపింది. రత్న చెంబు పక్కకు జరిపి నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అట్లయితే నా గుద్దు సరిగ్గానే పడిందా?"

"సరిగ్గానే పడింది. మణికట్టు తిన్నగానే ఉండింది. నేను చూసినాను."

ఆమె కళ్లు నిండాయి. తుడుచుకోకుండానే ఇంట్లోకి తిరిగి కేక వేసింది. "కావ్యా, ఇట్ల రా." పిల్ల వచ్చి నిలబడింది. రత్న నా వైపు తిరిగింది.

"ఇంగొకసారి చెప్పు. మొదట్నించీ చెప్పు. నా బిడ్డ వినాల."

మొదటినుంచీ చెప్పాను. ఇసుక, వాన, అరుపు, నవ్వు, ఏదీ వదల్లేదు. విన్నాక పిల్ల నన్ను చూడలేదు, తల్లి చేతిని చూసింది. రత్న మళ్లీ చెంబు దగ్గరికి జరిగి, "ఇంగ పో" అంది. అంతే.

వచ్చేశాను. ఆమె క్షమించలేదు, నేనూ అడగలేదు. కావ్య మళ్లీ క్లాసుకు వస్తుందో రాదో తెలియదు. వచ్చినా రాకపోయినా, హాస్టలు తెరిచాక మిగతా పిల్లలకు కూడా చెప్పాలని నిశ్చయించుకున్నాను. పరువు పోతే పోనీ. తప్పు ఎవరిదో ఇప్పుడు రత్న ఇంట్లో అందరికీ తెలుసు.