కుడి చెంప మీది పుట్టుమచ్చ

2024 నవంబరు 17 ఆదివారం నాటికి ఆ పాటను యూట్యూబులో నలభై ఒక్క లక్షల సార్లు చూశారు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏ పెళ్లి బరాతూ ఆ పాట లేకుండా కదలదు. పాట కింద రాసినవారి పేరుంది, సంగీతం కూర్చినవారి పేరుంది, డ్రోన్ నడిపినవారి పేరు కూడా ఉంది. పాడిన మనిషి పేరు లేదు. ఆ మనిషి ఎమ్మిగనూరులో చీరల డిజైన్లకు గ్రాఫ్ గీసే శివలీల. ఆ ఆదివారం కర్నూలును ఆనుకున్న కల్లూరులోని ఒక ఫంక్షన్ హాల్లో ఆమె తాను గీసి, తానే అచ్చు వేయించుకున్న బొమ్మల కథల పుస్తకాన్ని విడుదల చేసింది. పుస్తకం పేరు 'గుంటలో గొంతు'. ఆ పేరు వెనక ఒక అవమానం ఉంది.

రెండేళ్ల కిందట, కర్నూలులో రికార్డింగ్ స్టూడియో నడిపే భూపేష్ మగ్గాల వీడియో తీయడానికి ఎమ్మిగనూరు వచ్చాడు. శివలీల అత్త ఈరక్క గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేస్తోంది. కోడలు పక్కన కూర్చుని గ్రాఫ్ గీస్తూ, మగ్గం దెబ్బకు తగ్గట్టు తానే మాటలు కట్టి పాడుతోంది. అతను ఆగి విన్నాడు. "ఊరికే ట్రాక్ పాడిపో చాలక్కా, తర్వాత పెద్ద సింగర్‌తో పాడిస్తాం" అని స్టూడియోకు పిలిపించాడు. ఏ సింగరూ రాలేదు. శివలీల గొంతుతోనే పాట విడుదలైంది. తెర మీద పెదవులు కదిలించింది వేరే అమ్మాయి.

శివలీల ఆ పాటను ఇంట్లో పాడి, ఫోనులో తీసి యూట్యూబులో పెట్టింది. తన పాటను వాడుకున్నారని భూపేష్ ఫిర్యాదు చేసి దాన్ని తీయించాడు. తన గొంతుకు తానే దొంగగా తేలింది ఆమె.

అప్పుడామె ఆదోని వెళ్లింది. వినాయక నిమజ్జనం వేదిక మీద భూపేష్ ఉన్నాడు. జనంలోంచి గట్టిగా అడిగింది: "పాడింది నేనే గదన్నా. నా పేరు చెప్పండన్నా."

అతను మైకులోనే జవాబిచ్చాడు. "మగ్గం గుంటలో పాడుకునేదానికి పేరేంటికక్కా? గుంటకు వినపడితే సాల్దా?"

జనం విరగబడి నవ్వారు. ఈ కథనం రాయడానికి, ఆ రోజు అక్కడున్న ముగ్గురిని ఈ మాట గురించి విడివిడిగా అడిగాను. ముగ్గురూ ఒకే తీరుగా చెప్పారు. నవ్వినవారిలో తన భర్త వీరభద్ర కూడా ఉన్నాడన్న సంగతి మాత్రం శివలీలే చెప్పింది. "అందరూ నవ్వుతాంటే నవ్వొచ్చిందంట. ఆ పొద్దునుంచి నేను మగ్గం కాడ పాడల్యా."

"దుడ్లన్నా అడుగు మే, వాడు శానా సంపాదిస్తాండాడు" అని ఈరక్క పోరింది.

"నాకు దుడ్లు వద్దత్తా. ఆ నోటితోనే, ఆ మైకులోనే, ఆ గొంతు నాదని వాడు చెప్పల్ల. చెప్పేదాకా ఇడ్సను."

వీడియో పెడితే తీయించగలడు. చేతికి చేరిన కాగితాన్ని తీయించలేడు. పుస్తకం ఆలోచన అలా మొదలైంది. చీర మీద నెమలి దిగాలంటే ముందు కాగితం మీది గళ్లల్లో అది కూర్చోవాలి. శివలీల మనుషుల్నీ అలాగే గళ్లల్లో కూర్చోబెట్టింది. పాడే ఆడమనిషికి నోరుండాల్సిన చోట ఖాళీ గడి వదిలింది. ఆమె పాట ఒక దొంగ నోట్లోంచి వస్తుంది. దొంగకు గిరజాల జుట్టు, నల్లద్దాలు, చెంప మీద పెద్ద పుట్టుమచ్చ. భూపేష్ ఫ్లెక్సీల్లో ముందుగా కంటికి ఆనేది ఆ మచ్చే.

కర్నూలులో పెళ్లి పత్రికలు అచ్చువేసే దావీదురాజు ఆ పుస్తకం అచ్చువేశాడు. కట్టలు కడుతూ పైప్రతిని తెరిచి చూశాడు.

"ఏం తల్లీ, ఆయప్పకు మచ్చ ఎడమ పక్క గదా? నువ్వు కుడి పక్క పెట్టినావే?"

శివలీల పుస్తకం లాక్కుని చూసింది. వాళ్ల మగ్గం మీద చీర ముఖం కిందికి ఉంటుంది. నేసేవారికి కనబడేది వెనక వైపు. అందుకని ఆ ఇంట్లో గ్రాఫ్‌ను ఎప్పుడూ కుడి ఎడమలు తిరగేసి గీస్తారు. ఏళ్ల తరబడి అలవాటుపడిన చేయి భూపేష్‌ను కూడా తిరగేసింది.

"మళ్లా అచ్చేయాల్నా?" అన్నాడు దావీదురాజు దిగులుగా.

ఆమె ఆ మచ్చ మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా నవ్వింది. "వద్దన్నా, ఉండనీ. మచ్చ యాడుండల్లో వాడే వచ్చి చెప్తాడు."

"నీతో పెట్టుకోగూడదు తల్లీ" అని అతను తాడు బిగించి ముడేశాడు.

ప్రచారాన్నీ ఆ పగతోనే, అంతే ఓపికగా నడిపింది. కల్లూరు షేర్ ఆటోల్లో పొద్దస్తమానం ఆ పాటే మోగుతుంది. డ్రైవర్లను ఒప్పించి, వాళ్ల సీట్ల వెనక నోరులేని మనిషి బొమ్మ అంటించింది. కింద ఒకటే ప్రశ్న: 'ఈ పాట పాడతాండేదెవరు?' దాని కింద పుస్తకం విడుదల చోటు, తేదీ. ప్రొద్దుటూరు, కడప దుకాణాలకు పోయే చీరల మడతల్లోనూ అదే బొమ్మ పెట్టించింది. చీర విప్పినచోటల్లా ప్రశ్న బయటపడింది. చివరికి కడపలో ఒక బరాతులో పెళ్లికూతురి మేనమామ పాట ఆపించి, అతిథిగా వచ్చిన భూపేష్‌నే ఆ ప్రశ్న అడిగాడు.

అందుకే విడుదల రోజు భూపేష్ పిలవకుండానే వచ్చాడు. హాలు నిండా నేతవాళ్లు, ఆటో డ్రైవర్లు, కాలేజీ పిల్లలు. గుమ్మం దగ్గర పుస్తకం తిరగేసి చూసి, అతను నేరుగా వేదిక దగ్గరికి నడిచాడు.

"ఇది నా బొమ్మక్కా. నన్నడగకుండా ఎట్లేస్తావు? కేసు పెడతా."

"మీది గాదన్నా. మీకు మచ్చ యా చెంపకుండాది?"

అతని చేయి తనకు తెలియకుండానే ఎడమ చెంప మీదికి వెళ్లింది. శివలీల పుస్తకం అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"ఈయప్పకు కుడి చెంప. ఈయప్ప వేరే."

డ్రైవర్లు ఈలలు వేశారు. ముందు కుర్చీలోంచి ఈరక్క అందుకుంది. "కథలో వాడు దొంగప్పా. ఆడోళ్ల గొంతు ఎత్తుకపోతాడు. నువ్వు మంచోడివి గదా నాయనా, నీకేంటికి కోపం?"

"ఏందవ్వా, ఎగతాళా? మచ్చ తిరగేస్తే మనిషి మారతాడా? నేనే అది! ఊరందరికీ తెలుసు అది నేనేనని!"

అప్పటికే హాల్లో చాలా ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. శివలీల తన ముందున్న మైకు తీసి అతని వైపు చాచింది. అంతవరకూ 'మీరు' అని పిలిచిన మనిషిని ఇప్పుడు 'నువ్వు' అంది.

"నువ్వేనా? అట్లయితే ఆ గొంతు ఎవరిదో గూడా చెప్పు."

భూపేష్ మైకు వంక చూశాడు. పట్టుకోలేదు. వచ్చిన దారినే బయటికి వెళ్లాడు. సాయంత్రానికి ఒక్క ప్రతీ మిగల్లేదు.

మరుసటి వారం బరాతుల్లో డీజేలు ఆ పాటకు ముందు 'నేనే అది!' అన్న కేకను అతికించి వేయసాగారు. గురువారం పాట కింద, డ్రోన్ నడిపినవారి పేరు తర్వాత, శివలీల పేరు చేరింది. శుక్రవారం భూపేష్ ఫోన్ చేశాడు.

"పేరు పెట్టినా గదక్కా. ఇంక ఆ పుస్తకం నిలిపేయ్."

"రాస్తివి. చెప్పలేదు. ఆదోనికి రా. ఆ మైకులోనే చెప్పు."

"ఆడ చెప్తే నా పరువు పోతాదక్కా."

"నాది పోయింది ఆడనే గదప్పా."

అతను ఫోన్ పెట్టేశాడు. గుమ్మంలో నిలబడి విన్న వీరభద్ర గొంతు సవరించుకున్నాడు. "ఇంక ఇడ్సిపెట్టు మే. పేరు వచ్చె గదా."

శివలీల కొత్త గ్రాఫ్ కాగితం పరిచి రెండో పుస్తకం మొదలుపెట్టింది. మొదటి పుటలో ఆదోని జనం నోళ్లు తెరిచి నవ్వుతున్నారు. ముందు వరుసలో వీరభద్ర ఉన్నాడు. వేదిక మీద మైకు పట్టుకున్న మనిషికి మచ్చ ఈసారి ఎడమ చెంప మీద ఉంది.