టైలరమ్మ చెప్పిన గుండెజబ్బు

మా వీధి టైలరమ్మ టేపు పట్టుకుందంటే ఎంతటి ఆడదైనా చేతులు పైకెత్తాల్సిందే. ఛాతీ కొలత నలుగురిలో పైకి చదివేస్తుంది. "రెండంగుళాలు పెరిగావు, ఏం తింటున్నావేంటి?" అని ఆరా తీస్తుంది. అంతటి మనిషికీ తన ఇంటి సంగతి వచ్చేసరికి నోరు పెగలదు. ఎదురింట్లో ఉండి నేను అడగని ప్రశ్న లేదు. వాళ్ల మేనత్తలిద్దరూ నలభై దాటకుండా ఎందుకు పోయారని అడిగితే మాత్రం, "గుండెల్లో జబ్బు పెద్దమ్మా" అని మిషను గట్టిగా తొక్కేది.

ఈమధ్య వాళ్ల బాబాయి కూతురికి రొమ్ము క్యాన్సరని తేలింది. రక్తసంబంధీకులు ఒకసారి రావాలని ఆసుపత్రివాళ్లు కబురు పెట్టారు. టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పి లేచింది. నన్ను తోడు రమ్మని ఎవరూ అడగలేదు గానీ, నేను చెప్పులేసుకుని బయల్దేరాను.

డాక్టరమ్మ చిన్నదే, ఓపికమంతురాలు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా?" అంది.

"లేదండి. మా మేనత్తలు మాత్రం గుండెల్లో జబ్బుతో పోయారు."

డాక్టరమ్మ అదీ చూద్దామని పక్క గదికి పంపింది. అక్కడ ఒంటినిండా వైర్లు తగిలించి, "మీ గుండె రాయిలా ఉందమ్మా" అన్నారు. టైలరమ్మ మురిసిపోయింది. నన్ను మాత్రం ఏదో పురుగు తొలిచింది. మన మాటలో లోపల కొట్టుకునేదీ గుండే, పసిబిడ్డ పాలు తాగేవీ గుండెలే.

"మీ అత్తలకు వచ్చింది ఏ గుండెల్లోనే? లోపలా, పైనా?" అన్నాను చెవిలో.

"పైన" అంది, తలొంచుకుని.

"ఆ ముక్క డాక్టరమ్మతో చెప్పవేం?"

"సిగ్గు కాదూ. అయినా వాళ్లు నాన్న వైపు. నాకు ఇంటిపేరే మారిపోయింది, ఆ జబ్బు నాకెందుకొస్తుంది?"

"నీ ముక్కు ఎవరిదే?"

"మా నాన్నది."

"ఇంటిపేరు మారినప్పుడు దాన్ని పుట్టింట్లో వదిలేసి వచ్చావా?"

ఆ దెబ్బకు లేచి లోపలికెళ్లి ఉన్నదంతా చెప్పింది. నాన్న వైపు నుంచీ వస్తుందని చెప్పి డాక్టరమ్మ రక్తం తీయించింది. కొన్నాళ్లకు మళ్లీ పిలిచింది.

"మీ జన్యువులో ఒక మార్పు ఉంది. మీ బాబాయి కూతురికీ అదే ఉంది. అది చెడు చేసేదో, ఊరికే పడి ఉండేదో ఇంకా తెలియదు."

"పరీక్ష చేసి తెలియదంటారేంటండీ?"

"ఈ లెక్కలు ఎక్కువగా వేరే దేశాల జనాలను చూసి కట్టినవి. మీలాంటి కుటుంబాలను పరీక్షించింది తక్కువ."

"అంటే ఇంకొకరి కొలతలతో నాకు కుట్టారన్నమాట."

"ఇంకా కుట్టలేదమ్మా. కొలతలు చాలక గుడ్డ పట్టుకుని కూర్చున్నాం."

తెలిసేదాకా ఏటేటా స్కానింగుకు రమ్మంది. ఈ ఏటికి టైలరమ్మకు ఏమీ లేదు. నాన్న వైపు పెద్దవాళ్ల రక్తం కూడా దొరికితే, జబ్బు ఆ మార్పు వెంటే నడుస్తోందో లేదో కొంతైనా తేలుతుందట. అయితే బాబాయి ససేమిరా అన్నాడు.

"మగాణ్ణి, నాకు ఆ పరీక్షేంటే?"

"నీకు జబ్బుందని కాదు బాబాయ్. మాకది ఎవరిచ్చారో తేల్చాలి. నీ కూతురికి నువ్వు, నాకు నాన్న ఇచ్చారేమో."

"మీ నాన్నా? బతికినన్నాళ్లూ ఎవరికీ అగ్గిపుల్ల కూడా ఇవ్వలేదు."

టైలరమ్మకు నవ్వు రాలేదు. "అత్తలది గుండెజబ్బని చెప్పమన్నది నువ్వే."

"ఆడపిల్లల సంగతి నలుగురిలో ఏమని చెప్పమంటావు?"

"నీ కూతురు మంచం మీదుంది. ఇంకా ఎవరి దగ్గర దాస్తావు?"

బాబాయి లేచి చొక్కా తగిలించుకున్నాడు.

సూది గుచ్చుతుంటే కళ్లు మూసుకుని, దూది నొక్కుకున్నాక డాక్టరమ్మను అడిగాడు: "మా మనవరాలికి ఏడేళ్లు. అది పెద్దదయ్యేలోపు మీకు తెలుస్తుందా?"

"ఎంతమంది వస్తే అంత త్వరగా."

బాబాయి వరండాలోకొచ్చి తమ్ముడికి ఫోను కలిపాడు. "ఒరేయ్, రేపు నువ్వు ఆసుపత్రికి రావాలి. ఎందుకేంట్రా, అక్కలకొచ్చిన రొమ్ము క్యాన్సర్ కోసం." బెంచీల మీదున్న వాళ్లంతా తలలు తిప్పారు. అవతల సరిగ్గా వినపడలేదు కాబోలు, ఇంకా గొంతు పెంచి, అదే మాట మళ్లీ చెప్పాడు.