పటాల గదిలో పద్మావతి

కొత్తపేట హైస్కూల్లో ఆ యేడు పద్మావతి ఒక్కతే ఆడపిల్ల. తల్లి పోయాక మేనమామ నరసింహమూర్తి గారి దగ్గర పెరిగింది. ఆయన అదే బళ్ళో తెలుగు మేష్టారు, భార్య లేని మనిషి. పొద్దున్నే ఆయన వెనకాలే నడిచి వచ్చేది. ఏ మేష్టారు క్లాసుకి వచ్చినా ఆయన వెంటే లోపలికి రావడం, ఆయన వెళ్ళగానే బయటికి వచ్చెయ్యడం. మధ్యాహ్నం మాత్రం ప్రపంచ పటాలు చుట్టి పెట్టే గదిలో కూర్చుని క్యారేజీ విప్పుకునేది. బయట అరుగు మీద మగపిల్లలు గోలగోలగా అరుచుకుంటూ ఉండేవారు. ఆ గోల వింటూ అన్నం తినేది.

చదవడానికి మాత్రం లోటు లేదు. మేనమామ మద్రాసు నుంచి వారపత్రిక తెప్పించేవారు. అందులో ఒక రచయిత కథలంటే ఆమెకి ప్రాణం. ట్రాములు, సముద్రం ఒడ్డు, ఇంగ్లీషులో పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాలూ. తను కూడా అలాంటి కథే ఒకటి రాసింది. ట్రాము ఎలా ఉంటుందో తెలియక, రెండెద్దుల బండికి గంట కట్టినట్టు వర్ణించింది.

ఆ రోజుల్లో బళ్ళో పిల్లలు ఒక లిఖిత పత్రిక నడిపేవారు. అందంగా రాయగల కుర్రాడెవరో అన్నీ ఒక్క ప్రతిగా రాసి కుట్టేవాడు. అది ఇంటింటికీ తిరిగేది. చివర ఖాళీ కాగితాల మీద చదివినవాళ్ళు అభిప్రాయాలు రాయాలి. ఒక ఆదివారం అది మేష్టారింటికి వచ్చింది. అందులో వీరవెంకటరమణ అనే పై క్లాసు కుర్రాడు తన తల్లి అప్పాయమ్మ గురించి రాశాడు. కాలవలో నానబెట్టిన కొబ్బరి పీచు బయటికి లాగి, దంచి, తాడు పేనే మనిషి. ఆ వాసన ఒంటికి పట్టేసి పండగనాడు కూడా పోదని రాశాడు.

పద్మావతి అది చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఆ వాసన ఆమెకీ తెలుసు. రోజూ ముక్కు మూసుకుని దాటే వాసన. అది కథలో ఉండొచ్చని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ట్రాము కథ చింపేసి పొయ్యిలో పెట్టింది. తరవాతి సంచికకి పటాల గది గురించీ, బయటి గోల వింటూ అక్కడ ఒక్కతే అన్నం తినడం గురించీ రాసింది. చివర ‘ఒక విద్యార్థిని’ అని సంతకం పెట్టింది.

నరసింహమూర్తి గారు చదివి కళ్ళజోడు తీశారు. “పేరెందుకు దాచేవే అమ్మా? బళ్ళో ఆడపిల్లవి నువ్వొక్కదానివే కదా!”

“సిగ్గేసిందండీ మావయ్యగారూ.”

“పేరు రాసెయ్యి. ఎలాగూ తెలిసిపోయేదే.”

రాసింది. పత్రిక ఇళ్ళన్నీ తిరిగి వచ్చేసరికి చివరి కాగితం మీద ఒకే అభిప్రాయం ఉంది. ‘ఈ రచన మమ్మల్ని బాధ పెట్టింది. ఇకమీదట ఆ గది ముందు అల్లరి చెయ్యము.’ కింద వీరవెంకటరమణ సంతకం, మరికొందరివి.

అన్న మాట నిలబెట్టుకున్నారు. మర్నాటి నుంచి అరుగు ఖాళీ. ఆ గోల లేకుండా అన్నం సయించక పద్మావతి క్యారేజీ మూసేసింది. ‘అరవండి’ అని ఎవరితో చెప్పగలదు? ఆ యేడాది ఆఖర్లో వీరవెంకటరమణ బడి వదిలి వెళ్ళిపోయాడు. అతనితో ఒక్క మాటైనా మాట్లాడింది లేదు.

తరవాత ఆమె టీచరు ట్రైనింగు పూర్తి చేసి మామిడికుదురు ఎలిమెంటరీ స్కూల్లో చేరింది. మావయ్యగారు పోయారు. సంబంధాలు వచ్చాయి గానీ ఏదీ కుదరలేదు. సాయంత్రాలు రాసుకునేది. పందొమ్మిది వందల యాభై ఆరులో ఒక కథ మద్రాసు వారపత్రికలో అచ్చయింది. స్కూల్లో చూపిస్తే తోటి టీచరు అచ్చాయమ్మ గారు, “మీ పేరే! భలే అచ్చేసేరండీ,” అని సంతోషించి, కథ చదవకుండానే తిరిగిచ్చేశారు.

వీరవెంకటరమణ అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో గుమాస్తాగా ఉన్నాడని ఎవరి ద్వారానో తెలిసింది. ఒక ఆదివారం పాశర్లపూడి రేవులో పడవెక్కి, ఏరు దాటి వెళ్ళింది.

“ఎవరండీ?” అన్నాడతను. నుదురు దగ్గర అప్పుడే జుట్టు పల్చబడింది.

“పద్మావతినండీ. కొత్తపేట తెలుగు మేష్టారి మేనకోడల్ని.”

గబుక్కున లేచాడు. “మీరాండీ! కూర్చోండి, కూర్చోండి.”

పత్రిక ఇచ్చింది. కాయల బేరానికి వచ్చినవాళ్ళు ఎదురుచూస్తున్నా, నిలబడే చివరిదాకా చదివాడు.

“చాలా బాగా రాసేరండీ.”

“మీది చదవబట్టే నాకు రాయాలనిపించింది. ఇప్పుడేం రాస్తున్నారండీ?”

“మానేసేనండీ. రాసిందల్లా అమ్మకి చదివి వినిపించేవాణ్ణి. ఆవిడకి చదువు రాదు కదా. ఆవిడ పోయేక ఎవరికి వినిపించాలో తెలీలేదండీ.”

“నాకు పంపండి. నేను చదువుతాను.”

“ఆయ్, తప్పకుండానండీ,” అన్నాడు మర్యాదగా. ఆ మర్యాదలోనే, పంపడని ఆమెకి తెలిసిపోయింది.

తిరుగు పడవలో అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. పద్మావతి అంచున కూర్చుని వైనతేయ గోదావరి నీళ్ళు చూస్తూ వచ్చింది. అతన్ని చూసి రాయడం నేర్చుకున్నది తను. ఇక రాయవలసింది తనొక్కతే.

వేసవి సెలవుల్లో, కొట్టులో నిలబడి కథ చదివిన మనిషి గురించి రాసింది. అచ్చయ్యాక ఒక ప్రతి అంబాజీపేటకి పోస్టు చేసింది. జవాబు రాలేదు. బడి తెరిచాక పిల్లలతో, పరీక్షలతో సరిపోయింది. దసరా సెలవులివ్వగానే మరో కథ మొదలుపెట్టింది.