సరిపడా ఆక్సిజన్

కెమిస్ట్రీలో దహన విశ్లేషణ లెక్కలు చెప్పేటప్పుడు నేను క్లాసు తలుపు మూయనివ్వను.

చదువుకునే రోజుల్లో ఒక పొద్దున, చలికి టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్ తలుపులన్నీ మూసేసి ఎవరో లోపల బొగ్గుల కుంపటి పెట్టారు. దాని పక్కనే కూర్చుని లెక్కలు పైకి చదువుకుంటూ చేస్తున్నాను. తల దిమ్మెక్కింది. కార్బన్ శాతం ఎంతకీ కుదరడం లేదు.

శాలువా కప్పుకున్న ఒకావిడ అడిగారు: "ప్రతి లెక్కలోనూ సరిపడా ఆక్సిజన్ అంటన్నావేటమ్మా? సాలకపోతే ఏటవుద్ది?"

"కార్బన్ మోనాక్సైడ్ వస్తుందండీ. విషం. రంగూ వాసనా ఉండవు," గడగడా అప్పజెప్పాను.

ఆవిడ కుంపటి వైపు చూశారు, నా వైపు చూశారు. లేచి వెళ్లి తలుపులు బార్లా తెరిచారు.

చలిగాలికి అందరూ తిట్టుకుంటూ లేచారు. కుంపటికి అవతల ముసుగుతన్ని పడుకున్నాయన మాత్రం తిట్టలేదు, లేవనూ లేదు.